ప్రకటనల్లో లక్ష మెగావాట్లు, గ్రిడ్‌లో తొమ్మిది వేల లోపు

సంక్షిప్తంగా: అణు విద్యుత్‌పై మన దగ్గర వాదన ఎక్కువగా రేడియేషన్ భయానికీ దేశ గౌరవానికీ మధ్య నడుస్తుంది. ప్రాజెక్టులు చిక్కుకునేది మాత్రం తరచుగా వేరే చోట: కట్టడానికి పట్టే కాలం, పేరుకునే వడ్డీ, ప్రమాదం జరిగితే పరిహారం ఎవరి నెత్తిన పడుతుందన్న తగవు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 'శాంతి' అనే కొత్త అణుశక్తి చట్టం ఈ మూడో చిక్కును రియాక్టర్లు అమ్మే కంపెనీలకు అనుకూలంగా విప్పింది. మొదటి రెండూ ఉన్నచోటే ఉన్నాయి.

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ పేరు అణు విద్యుత్ వార్తల్లోకి వచ్చి పదిహేనేళ్లు దాటింది. మొదట అక్కడ జీఈ-హిటాచీ రియాక్టర్లు వస్తాయన్నారు. 2016లో ఆ స్థలం అమెరికన్ కంపెనీ వెస్టింగ్‌హౌస్‌కు మారింది. గుజరాత్‌లోని మిఠీవిర్దిలో స్థానికులు ఎదురు తిరగడంతో, అక్కడ కట్టాల్సిన ఆరు ఏపీ1000 రియాక్టర్లు (ఆ కంపెనీ డిజైన్) ఉత్తరాంధ్ర తీరానికి వచ్చాయి. ఏడాది తిరగకముందే, 2017 మార్చిలో, వెస్టింగ్‌హౌస్ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. తర్వాత ఆ కంపెనీ యాజమాన్యం చేతులు మారింది. రెండు దేశాల నాయకులు కలిసినప్పుడల్లా సంయుక్త ప్రకటనలో అమెరికన్ రియాక్టర్ల ప్రస్తావన వస్తూనే ఉంది. రెండు వేల ఎకరాల పైచిలుకు భూమి సేకరించే పని సాగింది. రియాక్టర్‌కు కాంక్రీటు మాత్రం పడలేదు.

ఈ కాలమంతా కొవ్వాడ వార్తల్లో రెండు రకాలే కనిపిస్తాయి. ఒకటి, '7,248 మెగావాట్ల భారీ అణు పార్కు'. రెండోది, 'ఉత్తరాంధ్ర మరో చెర్నోబిల్ అవుతుందా?' ఈ రెంటి మధ్య ఉండాల్సిన ప్రశ్న, అంటే పదిహేనేళ్లుగా ఎందుకు కట్టలేదన్నది, పేజీల్లోకి అరుదుగా వచ్చింది.

## పాత లక్ష్యాల లెక్క

2025-26 కేంద్ర బడ్జెట్‌లో అణు ఇంధన మిషన్ ప్రకటించారు. 2047 నాటికి 100 గిగావాట్లు, అంటే లక్ష మెగావాట్లు లక్ష్యం. చిన్న మాడ్యులర్ రియాక్టర్ల (ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి బిగించేవి) పరిశోధనకు ₹20,000 కోట్లు. దేశీయంగా రూపొందించిన చిన్న రియాక్టర్లు కనీసం ఐదు 2033 నాటికి పనిచేయాలి. వీటిని చదివేటప్పుడు పాత లక్ష్యాలను పక్కన పెట్టుకోవడం మంచిది.

1980ల్లో వేసిన ప్రణాళిక ప్రకారం 2000 సంవత్సరానికి దేశంలో 10,000 మెగావాట్ల అణు విద్యుత్ ఉండాలి. ఆ ఏడాదికి మూడు వేలు కూడా దాటలేదు. తర్వాత 2020 నాటికి 20,000 అన్నారు. అమెరికాతో అణు ఒప్పందం కుదిరాక ఉత్సాహం పెరిగి 2032 నాటికి 63,000 మెగావాట్లన్న అంకె వినిపించింది. అదే గడువుకు దాన్ని తర్వాత 22,480కి దించారు. 2025 ఏప్రిల్‌లో రాజస్థాన్ ఏడో యూనిట్ వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాక కూడా దేశం మొత్తం సామర్థ్యం తొమ్మిది వేల మెగావాట్ల లోపే. దేశంలో పుట్టే కరెంటులో అణు వాటా మూడు శాతం చుట్టుపక్కల తిరుగుతోంది.

తారాపూర్‌లో మొదటి రెండు రియాక్టర్లు 1969లో పని మొదలుపెట్టాయి. అప్పటి నుంచి లెక్కేసుకుంటే యాభై ఐదేళ్లకు పైగా కష్టపడి తొమ్మిది వేల దగ్గరికి వచ్చిన దేశం, వచ్చే ఇరవై రెండేళ్లలో ఇంకో తొంభై వేలు కలపాలనుకుంటోంది. అసాధ్యమని కొట్టిపారేయనక్కర్లేదు. ఫ్రాన్స్ 1974లో నిర్ణయం తీసుకుని రెండు దశాబ్దాల్లో తన కరెంటులో ఎక్కువ భాగాన్ని అణు విద్యుత్‌కు మార్చుకుంది. చైనా ఇప్పుడు అలాంటి వేగంతోనే కడుతోంది. అయితే ఆ రెండు దేశాలూ చేసిన పని వేరు. దాని గురించి కాసేపట్లో.

## ఒకే రియాక్టర్ ఎన్నిసార్లు వార్త అవుతుంది?

అణు కేంద్రం ఒక్కరోజులో పుట్టదు. ముందు కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదిస్తుంది. తర్వాత భూసేకరణ, పర్యావరణ అనుమతి, స్థలానికి అణుశక్తి నియంత్రణ బోర్డు సమ్మతి, ఆర్థిక మంజూరు, రియాక్టర్ పునాదిలో మొదటి కాంక్రీటు. కట్టడం పూర్తయ్యాక ఇంధనం నింపడం, అణువులు చీలే గొలుసు చర్య తనంతట తాను నిలబడే దశ, గ్రిడ్‌కు అనుసంధానం, చివరికి వాణిజ్య ఉత్పత్తి. వీటిలో ప్రతి మెట్టూ ఒక వార్తే. సమస్య ఏమిటంటే, ఏ మెట్టు మీద ఉన్నామో హెడ్డింగు చెప్పదు.

గుజరాత్‌లోని కాక్రాపార్ మూడో యూనిట్ ఇందుకు మంచి ఉదాహరణ. ఇది 700 మెగావాట్ల దేశీయ డిజైన్‌లో మొదటిది. 2010 నవంబరులో కాంక్రీటు పోశారు. 2020 జూలైలో గొలుసు చర్య మొదలైందని పండగ చేశారు. 2021 జనవరిలో గ్రిడ్‌కు కలిపారని మళ్లీ వార్త. వాణిజ్య ఉత్పత్తి 2023 జూన్ 30న. మొదటి పండగకీ చివరి దానికీ మధ్య దాదాపు మూడేళ్లు. ఆ మూడేళ్లలో ఏం ఇబ్బంది వచ్చిందో పాఠకుడికి చెప్పినవాళ్లు తక్కువ.

దీనికి ఎవరి కుట్రో అవసరం లేదు, వార్త పుట్టే తీరే కారణం. శంకుస్థాపనకు తేదీ ఉంటుంది, వేదిక ఉంటుంది, ప్రెస్ నోట్ వస్తుంది. ఆలస్యానికి ముహూర్తం ఉండదు. తమిళనాడులోని కల్పాక్కంలో, వాడే ఇంధనం కన్నా ఎక్కువ ఇంధనం పుట్టించే ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ పనులు 2004లో మొదలయ్యాయి, 2010కల్లా పూర్తవ్వాలన్నారు. కోర్‌లో ఇంధనం పెట్టడం మొదలైంది 2024 మార్చిలో. పద్నాలుగేళ్ల ఆలస్యం ఏ ఒక్క రోజూ మొదటి పేజీ వార్త కాలేదు.

బాగా నడిచే కేంద్రానికీ ఇదే గతి. మన రాష్ట్రాలకు కరెంటు పంపే కర్ణాటకలోని కైగా మొదటి యూనిట్ 2018 డిసెంబరు చివరికి 962 రోజులు ఆగకుండా నడిచి అప్పటికి ప్రపంచ రికార్డు సాధించింది. పేపర్లో ఒక రోజు కాలమ్ వార్త, అంతటితో సరి.

## మెగావాట్లు వేరు, యూనిట్లు వేరు

అణు, సౌర విద్యుత్‌లను పోల్చేటప్పుడు చాలా వార్తలు మెగావాట్ల దగ్గరే ఆగిపోతాయి. మెగావాట్ అనేది సామర్థ్యం మాత్రమే. ఇంటికి వచ్చే బిల్లు యూనిట్లలో ఉంటుంది. వెయ్యి మెగావాట్ల రియాక్టర్ ఏడాదిలో 80 శాతం కాలం పూర్తి సామర్థ్యంతో నడిస్తే సుమారు 700 కోట్ల యూనిట్లు వస్తాయి. వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు మన ఎండకు 20 శాతం లెక్కన 175 కోట్ల యూనిట్లు ఇస్తుంది. కాబట్టి 'అంతే మెగావాట్లు సోలార్‌తో చవగ్గా వస్తాయి కదా' అన్న వాదన సగమే నిజం.

మిగతా సగం అణు పక్షం వాళ్లు చెప్పరు. సోలార్ వేలంలో యూనిట్ రెండున్నర రూపాయల చుట్టుపక్కలకు దిగింది, పైగా ఏడాది రెండేళ్లలో పార్కు సిద్ధమవుతుంది. రాత్రి కరెంటు ఎలా అన్న ప్రశ్నకు బ్యాటరీలూ పంప్డ్ స్టోరేజీ జవాబుగా వస్తున్నాయి. కర్నూలు సీమలోని పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ అలాంటిదే: పగలు నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. కొవ్వాడకు నేటి అసలు పోటీ ఇదే. 2009లో ఈ పోటీ లేదు. వాన మబ్బు వారాల తరబడి కమ్మినప్పుడు ఈ నిల్వ సరిపోతుందా అన్నది న్యాయమైన సందేహమే. అణు కేంద్రం విలువ ఆ వారాల్లో తెలుస్తుంది.

ఆరు యూనిట్లూ పూర్తయితే కొవ్వాడ నుంచి ఏటా దాదాపు 5,000 కోట్ల యూనిట్లు రావచ్చు. ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు ఏటా వాడే కరెంటులో సగానికి మించిన లెక్క ఇది. చిన్న విషయం కాదు.

## ఖర్చు ఎక్కడ పెరుగుతుంది?

బొగ్గు కేంద్రంలో ఖర్చు బొగ్గు రూపంలో రోజూ ఉంటుంది. అణు కేంద్రంలో యురేనియం ఖర్చు మొత్తంలో చిన్న వాటా, ఎక్కువ భాగం కట్టడానికే పోతుంది. ఆ డబ్బు అప్పు. కరెంటు అమ్మడం మొదలయ్యేదాకా ఆదాయం సున్నా, వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. బిల్డర్ ఫ్లాట్ ఇవ్వడం ఆలస్యం చేస్తుంటే ఒకపక్క అద్దె, ఇంకోపక్క ఈఎంఐ కట్టుకునే కుటుంబానికి ఈ బాధ బాగా తెలుసు.

ఒక చిన్న లెక్క చూడొచ్చు. వంద రూపాయల కట్టడాన్ని ఏటేటా సమానంగా ఖర్చు పెడుతూ, 10 శాతం చక్రవడ్డీతో ఆరేళ్లలో పూర్తిచేస్తే చివరికి అయ్యేది సుమారు 129 రూపాయలు. అదే పన్నెండేళ్లు పడితే 178. ఇటుక, ఇనుము, కూలీ ధరలు పైసా పెరగకపోయినా ఇంత తేడా. కట్టే కాలంలో అవి ఎలాగూ పెరుగుతాయి.

కొవ్వాడకు ఎంచుకున్న ఏపీ1000 చరిత్ర ఇక్కడ ముఖ్యం. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని వోగ్టల్ కేంద్రంలో ఈ రకం రియాక్టర్లు రెండు కట్టారు. మొదటి అంచనా సుమారు 1,400 కోట్ల డాలర్లు. పూర్తయ్యేసరికి 3,000 కోట్లు దాటింది. 2016, 2017ల్లో రావాల్సిన యూనిట్లు 2023 జూలైలో, 2024 ఏప్రిల్‌లో వచ్చాయి. పక్కనే సౌత్ కరోలినాలో మొదలుపెట్టిన ఇంకో రెంటి మీద సుమారు 900 కోట్ల డాలర్లు పోశాక 2017లో మధ్యలోనే వదిలేశారు. ఒక్క యూనిట్ కరెంటు రాకపోయినా వినియోగదారుల బిల్లుల్లో ఆ ఖర్చు పడింది, ఆ కంపెనీ సీఈఓ మోసం కేసులో జైలుకు వెళ్లాడు. వెస్టింగ్‌హౌస్‌ను దివాలా తీయించినవి ఈ నాలుగు రియాక్టర్లే.

మహారాష్ట్రలోని జైతాపూర్‌కు అనుకున్న ఫ్రెంచ్ ఈపీఆర్ రకం రియాక్టర్ కథా ఇలాంటిదే. ఫ్రాన్స్‌లో ఫ్లామన్‌విల్ వద్ద 2007లో మొదలైన యూనిట్ 330 కోట్ల యూరోల్లో అయిపోతుందన్నారు. గ్రిడ్‌కు ఎక్కింది 2024 డిసెంబరులో. ఖర్చు 1,300 కోట్ల యూరోలు దాటింది. ఒకప్పుడు ఇరవై ఏళ్లలో దేశాన్నంతటినీ అణు విద్యుత్‌కు మార్చిన ఫ్రాన్స్‌కే ఈ దుస్థితి ఎందుకొచ్చింది? నిపుణులు ఎక్కువగా చెప్పే కారణం: అప్పుడు ఒకే డిజైన్‌ను ఒకదాని వెంట ఒకటిగా డజన్ల కొద్దీ కట్టారు. వెల్డర్లు, ఇంజినీర్లు, పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలు అన్నీ ఆ పనిలో ఆరితేరాయి. తర్వాత పదిహేనేళ్లు ఏమీ కట్టకపోవడంతో ఆ పనితనం పోయింది. కొత్త డిజైన్‌ను సగం గీసి మొదలుపెట్టారు. చైనా, దక్షిణ కొరియా చవగ్గా కట్టడానికి ఎక్కువ కారణం చవక కూలీ కంటే ఈ పునరావృత్తే.

మన దేశం ఈ పాఠం నేర్చుకున్నట్టే కనిపించింది. 2017లో కేంద్ర మంత్రివర్గం 700 మెగావాట్ల దేశీయ రియాక్టర్లు పదింటిని ఒకేసారి ఆమోదించింది. వాటిలో నాలుగు రాజస్థాన్‌లోని మాహీ బాన్స్‌వాడాలో వస్తాయి. 2,800 మెగావాట్లకు అంచనా సుమారు ₹42,000 కోట్లు, అంటే మెగావాట్‌కు ₹15 కోట్లు. ఆమోదించింది 2017లో, శంకుస్థాపన 2025 సెప్టెంబరులో.

ఇప్పుడు కొవ్వాడ లెక్క. బాన్స్‌వాడా రేటుకే కడితే 7,248 మెగావాట్లకు లక్షా తొమ్మిది వేల కోట్ల రూపాయలు చాలు. వోగ్టల్ రేటుకు కడితే మెగావాట్‌కు ₹115 కోట్ల దాకా, మొత్తం ₹8 లక్షల కోట్లు దాటుతుంది. భారత్‌లో కూలీ, సివిల్ పనులు అమెరికా కన్నా చాలా చవక కాబట్టి అసలు ధర ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ 'ఎక్కడో' తేలకపోవడమే పదిహేనేళ్ల జాప్యానికి ఒక పెద్ద కారణం. మత్స్యకారుల ఆందోళనల వల్లే ప్రాజెక్టు ఆగిందనడం కానీ, ఆందోళన లేకపోతే ఈపాటికి కరెంటు వచ్చేదనడం కానీ ఈ లెక్క ముందు నిలవదు.

## పరిహారం ఎవరు కట్టాలి?

రెండో పెద్ద కారణం చట్టం. 2008లో అణు ఒప్పందం మీద వామపక్షాలు యూపీఏకు మద్దతు ఉపసంహరించాయి. జూలై 22న విశ్వాస పరీక్షలో 275-256తో ప్రభుత్వం గట్టెక్కింది. అప్పుడు బీజేపీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేసింది. 2010లో అణు ప్రమాద పరిహార చట్టం వచ్చింది. సరిగ్గా ఆ ఏడాది జూన్‌లోనే భోపాల్ గ్యాస్ కేసులో నిందితులకు రెండేళ్ల శిక్షతో సరిపెట్టిన తీర్పు వెలువడి దేశమంతా మండిపడుతోంది. ఆ వేడిలో బీజేపీ, వామపక్షాల ఒత్తిడితో చట్టంలోకి సెక్షన్ 17(బి) గట్టిగా వచ్చింది. దాని ప్రకారం, సరఫరా చేసిన పరికరంలో లోపం వల్ల ప్రమాదం జరిగితే కేంద్రాన్ని నడిపే సంస్థ ఆ సరఫరాదారు నుంచి డబ్బు రాబట్టుకోవచ్చు.

ప్రపంచంలో చాలా దేశాల చట్టాలు బాధ్యతంతా నడిపే సంస్థ మీదే పెడతాయి. అందుకే అమెరికన్, ఫ్రెంచ్ కంపెనీలు వెనక్కి తగ్గాయి. రష్యా మాత్రం తమిళనాడులోని కూడంకుళంలో పని కొనసాగించింది. అక్కడ సరఫరాదారు సొంత ప్రభుత్వ సంస్థే కాబట్టి రిస్కు లెక్క వేరు.

2025 శాంతి చట్టం 1962 నాటి అణుశక్తి చట్టాన్నీ, 2010 చట్టాన్నీ రెంటినీ రద్దుచేసింది. ప్రైవేటు కంపెనీలు లైసెన్సు తీసుకుని కేంద్రాలు నడిపే దారి తెరిచింది. సరఫరాదారు మీదకు వెళ్లే హక్కును ఒప్పందంలో రాసుకున్నప్పుడు, లేదా కావాలని హాని చేసినప్పుడు మాత్రమే మిగిల్చింది. నడిపే సంస్థ బాధ్యతకు రియాక్టర్ పరిమాణాన్ని బట్టి ₹100 కోట్ల నుంచి ₹3,000 కోట్ల దాకా పరిమితి పెట్టింది. ఆ పైన కొంత మేరకు ప్రభుత్వం భరిస్తుంది, అంతర్జాతీయ నిధి నుంచి మరికొంత రావచ్చు. ఫుకుషిమా పరిహారం, శుభ్రత, రియాక్టర్ల కూల్చివేత ఖర్చు అన్నీ కలిపి 2016లో జపాన్ ప్రభుత్వం వేసిన అంచనా 21.5 లక్షల కోట్ల యెన్లు. మన డబ్బులో ₹12 లక్షల కోట్లకు అటూ ఇటూ. అంత పెద్ద ప్రమాదం జరిగే అవకాశం చాలా తక్కువే, కానీ జరిగితే తేడాను మోసేది ఖజానా లేదా బాధితులు. చట్టం చెప్పకుండా చెప్పింది ఇదే.

రాజకీయంగా చూస్తే పార్టీలు కుర్చీలు మార్చుకున్నాయి. 2010లో సరఫరాదారు బాధ్యత కోసం పట్టుబట్టిన బీజేపీ 2025లో దాన్ని తీసేసింది. ఒప్పందం చేసిన కాంగ్రెస్ ఇప్పుడు ఆ తొలగింపును ప్రశ్నిస్తోంది. ఇది మన దగ్గరి రోగమేమీ కాదు. జర్మనీలో మెర్కెల్ ప్రభుత్వం 2010 చివర్లో అణు కేంద్రాల ఆయుష్షు పొడిగించి, ఫుకుషిమా తర్వాత కొన్ని వారాల్లోనే మాట మార్చింది. చివరి మూడు రియాక్టర్లు 2023 ఏప్రిల్ 15న ఆగిపోయాయి, బొగ్గు కేంద్రాలు ఇంకా నడుస్తుండగానే. వాతావరణం గురించి ఆందోళన పడే దేశం ముందు అణు కేంద్రాలను, ఆ తర్వాత బొగ్గును మూయాలనుకోవడం తలకిందుల వరుస. రాజకీయ భయం పెట్టిన వరుస అది.

## భయానికి ఆధారం ఎంత?

2011 మార్చి 11న జపాన్‌లో వచ్చిన భూకంపం, సునామీల్లో 18 వేల మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. ఆ సంఖ్య చాలా కథనాల్లో 'ఫుకుషిమా దుర్ఘటన' అన్న మాట పక్కనే కనిపిస్తుంది. చదివేవాళ్లు అది రేడియేషన్ వల్లే అనుకుంటారు. రేడియేషన్ వల్ల జరిగిన మరణంగా జపాన్ ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకున్నది ఒక కార్మికుడిది. కానీ కథ అక్కడ ముగియదు. ఆదరాబాదరాగా ఖాళీ చేయించడం, ఆస్పత్రుల నుంచి వృద్ధులను తరలించడం, ఏళ్ల తరబడి తాత్కాలిక ఇళ్లలో బతకడం వల్ల ఒక్క ఫుకుషిమా ప్రాంతంలోనే రెండు వేల మందికి పైగా చనిపోయినట్టు అధికారిక లెక్క. అణు వ్యతిరేకులు మొదటి సంఖ్యను, సమర్థకులు 'ఒక్కరే' అన్న సంఖ్యను వాడతారు. మూడోది ఇద్దరికీ ఇబ్బందే: ఒకరి భయం ప్రాణాలు తీసిందని చెబుతుంది, ఇంకొకరి కేంద్రం లేకపోతే ఆ తరలింపే ఉండేది కాదని చెబుతుంది.

చెర్నోబిల్‌లో వెంటనే చనిపోయినవాళ్లు ముప్పై మంది చుట్టుపక్కల. దీర్ఘకాలంలో నాలుగు వేల దాకా ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి సంస్థల బృందం 2005లో అంచనా వేసింది. చాలా ఎక్కువ చెప్పే అంచనాలూ ఉన్నాయి. పెద్ద అంచనాల్లో ఒకటి తీసుకున్నా, బొగ్గు పొగ వల్ల ప్రపంచంలో ఏటా పోయే ప్రాణాలతో పోలిస్తే తక్కువే. పుట్టించిన కరెంటుకు ఎన్ని మరణాలన్న లెక్కలో బొగ్గు, అణు విద్యుత్‌ల మధ్య వందల రెట్ల తేడా ఉంటుంది. బొగ్గు మరణాలు ఆస్పత్రి రికార్డుల్లో ఊపిరితిత్తుల జబ్బుగా నమోదవుతాయి తప్ప వార్త కావు.

అలాగని తీరంలో కట్టే కేంద్రానికి ముప్పే లేదనలేం. ఫుకుషిమాలో భూకంపానికి రియాక్టర్లు అనుకున్నట్టే ఆగాయి. దెబ్బతీసింది ఆ తర్వాత వచ్చిన నీరు: బేస్‌మెంట్‌లో పెట్టిన డీజిల్ జనరేటర్లు మునిగి, చల్లార్చే పంపులు ఆగిపోయాయి. భూకంప కేంద్రానికి ఇంకా దగ్గరున్న ఒనగావా కేంద్రాన్ని ఎత్తులో కట్టడం వల్ల బతికింది. మన కల్పాక్కం 2004 డిసెంబరు 26 సునామీని చూసింది. నడుస్తున్న రియాక్టర్‌ను సురక్షితంగా ఆపారు. పక్కనే కడుతున్న ఫాస్ట్ బ్రీడర్ గొయ్యి నీటితో నిండిపోయింది.

శ్రీకాకుళం తీరానికి సునామీ కన్నా తుపానుతో పరిచయం ఎక్కువ. 2014 హుద్‌హుద్‌కు విశాఖ, 2018 తిత్లీకి ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అణు కేంద్రానికి బయటి కరెంటు పోవడం పెద్ద సమస్య, ఎందుకంటే ఆపేసిన రియాక్టర్‌ను కూడా చల్లారుస్తూనే ఉండాలి. ఏపీ1000లో పైన పెట్టిన ట్యాంకు నీళ్లు పంపులు లేకుండా కిందికి దిగి 72 గంటలు చల్లారుస్తాయి. ఈ డిజైన్‌కున్న అసలు ఆకర్షణ అదే. కొవ్వాడ చర్చలో అడగాల్సిన ప్రశ్నలు ఇలాంటివి: తిత్లీ లాంటి తుపాను తర్వాత నాలుగో రోజు రోడ్లు, కరెంటు రాకపోతే ఏమిటి?

## యురేనియం అన్న పేరు వింటే

తెలుగు నేలకు అణు విద్యుత్‌తో సంబంధం కొవ్వాడ కన్నా పాతది. దేశంలోని భారజల (హెవీ వాటర్) రియాక్టర్లకు ఇంధన కట్టలు హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గరి న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ నుంచే వెళ్తాయి, యాభై ఏళ్లకు పైగా. అశ్వాపురంలో భారజల కర్మాగారం ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. హైదరాబాదీలు ఈసీఐఎల్ చౌరస్తాలో ఏ భయమూ లేకుండా బస్సెక్కుతారు. నల్లమలలో యురేనియం అన్వేషణ అనగానే 2019లో రాష్ట్రం కదిలిపోయింది. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. 2024 నవంబరులో కర్నూలు జిల్లా కప్పట్రాళ్లలోనూ ఇదే జరిగి, ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

ఈ భయాన్ని అజ్ఞానమని తోసేయడం తొందరపాటు. తుమ్మలపల్లె చుట్టుపక్కల రైతులు వ్యర్థాల చెరువు నుంచి భూగర్భజలాలు పాడవుతున్నాయని ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు, గని సంస్థ ఒప్పుకోవడం లేదు. నడుస్తున్న రియాక్టర్ కన్నా గని, వ్యర్థాల చెరువులే స్థానికులకు దగ్గరి సమస్య. అక్కడ సమాధానం కావాల్సింది బోరు నీళ్ల పరీక్షల గురించి. టీవీ చర్చల్లో వచ్చేది మాత్రం అణుబాంబు పొగ బొమ్మ.

కొలతలు చెప్పని వార్తలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. 2023 ఆగస్టులో జపాన్ ఫుకుషిమా నీటిని శుద్ధి చేసి సముద్రంలోకి వదలడం మొదలుపెట్టినప్పుడు చైనా జపాన్ చేపల దిగుమతి నిషేధించింది. మన చానళ్లలో 'విషజలాలు' అన్న మాట మార్మోగింది. ఆ నీటిలో ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) పరిమితి లీటరుకు 1,500 బెక్వెరెల్ (రేడియోధార్మికతకు కొలత). తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే పరిమితి 10,000. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే వార్త ముగిసిపోతుంది. అందుకే పెట్టరేమో.

## దాచడం వల్ల జరిగే నష్టం

మీడియాను తప్పుపట్టేవాళ్లు మరచిపోయే సంగతి ఒకటుంది: అణు శాఖ సమాచారం ఇవ్వదు. 1962 చట్టం సమాచారాన్ని ఆంక్షల్లో పెట్టే అధికారం కేంద్రానికి ఇచ్చింది. కొత్త చట్టమూ ఆ అధికారాన్ని ఉంచింది, సమాచార హక్కు చట్టానికి పైన నిలిచేలా. నియంత్రణ బోర్డు 1983 నుంచి కేవలం ప్రభుత్వ ఉత్తర్వు మీద నడిచింది. దాని స్వతంత్రత చాలదని కాగ్ 2012లోనే తప్పుపట్టింది. శాంతి చట్టం దానికి చట్టబద్ధ హోదా ఇవ్వడం నిజంగా మేలైన మార్పు.

2019 అక్టోబరు చివర్లో కూడంకుళం కంప్యూటర్లలోకి మాల్‌వేర్ వచ్చిందని సోషల్ మీడియాలో వార్త వచ్చింది. ఆ అణు కేంద్రం అధికారి అది అబద్ధమన్నారు, నియంత్రణ వ్యవస్థ మీద సైబర్ దాడి అసాధ్యమన్నారు. మర్నాడే, పరిపాలన నెట్‌వర్క్‌కు కలిపిన ఒక కంప్యూటర్‌లో మాల్‌వేర్ దొరికింది నిజమేనని కేంద్రాన్ని నడిపే సంస్థ ఒప్పుకుంది. రియాక్టర్‌ను నడిపే వ్యవస్థ వేరుగా ఉంది కాబట్టి ప్రమాదమేమీ జరగలేదు. మొదటి రోజే అంత చెబితే సరిపోయేది. దానికి ఏడేళ్ల ముందు అదే కూడంకుళం దగ్గర, ఇడింతకరై పల్లెలో నిరసన తెలిపిన వేలమందిపై రాజద్రోహం సెక్షన్లతో కేసులు పెట్టిన వ్యవస్థ, జనం తనను నమ్మాలని ఆశించడం కష్టం.

## డేటా సెంటర్లు, చిన్న రియాక్టర్లు

అణు విద్యుత్ మళ్లీ వార్తల్లోకి రావడానికి తాజా కారణం ఏఐ. అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ మొదటి యూనిట్‌ను మళ్లీ నడిపించి కరెంటు కొనేందుకు మైక్రోసాఫ్ట్ 2024లో ఒప్పందం చేసుకుంది. 1979 ప్రమాదం జరిగింది రెండో యూనిట్‌లో. ఇది వేరే రియాక్టర్, 2019లో నష్టాలతో మూసినది. విశాఖలో గూగుల్ 1,500 కోట్ల డాలర్లతో పెట్టే ఏఐ కేంద్రం ప్రకటన 2025 అక్టోబరులో వచ్చాక, కొవ్వాడతో దాన్ని కలిపి ఊహలు అల్లడం సహజమే. కానీ డేటా సెంటర్‌కు కరెంటు రెండు మూడేళ్లలో కావాలి. కొవ్వాడలో రేపు కాంక్రీటు పోసినా దశాబ్దం పడుతుంది.

ఈ ఖాళీని చిన్న మాడ్యులర్ రియాక్టర్లు పూరిస్తాయన్నది కొత్త ఆశ. ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి బిగిస్తే కాలం తగ్గుతుందన్నది దాని వెనక తర్కం. తర్కం బాగుంది, అనుభవం ఇంకా చాలదు. అమెరికాలో ముందు వరుసలో ఉన్న నూస్కేల్ కంపెనీ యూటా విద్యుత్ సంస్థల కోసం తలపెట్టిన ప్రాజెక్టు, కరెంటు ధర అంచనా సగానికి పైగా పెరగడంతో 2023 నవంబరులో రద్దయింది. ఫ్యాక్టరీ పద్ధతి లాభం డజన్ల కొద్దీ ఆర్డర్లు ఉంటేనే కనిపిస్తుంది. మొదటి ఐదింటికి ఆ లాభం రాదు. మనకు 220 మెగావాట్ల భారజల రియాక్టర్లు కట్టడంలో దశాబ్దాల అనుభవం ఉంది. పరిశ్రమలు సొంత అవసరానికి వాటినే పెట్టుకునే ప్రతిపాదన పేరుకు అంత కొత్తగా లేకపోయినా ఎక్కువ నమ్మదగ్గది.

## కొవ్వాడలో ఇక చూడాల్సినవి

బాధ్యత చట్టం మారింది కాబట్టి వెస్టింగ్‌హౌస్‌తో చర్చలు వేగం పుంజుకోవచ్చు. అప్పుడు వచ్చే సంయుక్త ప్రకటన కన్నా మూడు కాగితాలు ముఖ్యం. ఒకటి, స్థలానికి నియంత్రణ బోర్డు ఇచ్చే సమ్మతి, అందులో తుపాను, సముద్ర మట్టం గురించి రాసిన షరతులు. రెండు, వేడి నీరు సముద్రంలోకి వదిలే చోట, భద్రత పేరుతో మూసే జలాల్లో వేట కోల్పోయే మత్స్యకారులకు ఏమిస్తారన్నది. భూమి పోయినవాళ్ల లెక్క రెవెన్యూ రికార్డులో ఉంటుంది, సముద్రం పోయినవాళ్లకు పట్టా ఉండదు.

మూడోది కరెంటు కొనుగోలు ఒప్పందం. కూడంకుళం మొదటి రెండు యూనిట్ల కరెంటు నాలుగు రూపాయల చుట్టుపక్కల వస్తోంది. కొవ్వాడ కరెంటు ఎంతకొస్తుందో పదేళ్ల తర్వాత కానీ తేలదు. సంతకం మాత్రం డిస్కంలు ముందే పెట్టాలి. సౌర, పవన విద్యుత్ ధరలు ఎక్కువని 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత ఒప్పందాలను తిరగదోడబోతే, కేంద్రం అభ్యంతరం చెప్పింది, కంపెనీలు హైకోర్టుకెక్కాయి. అప్పుడు తగవు పడినవి ధర ముందే తెలిసిన ఒప్పందాలు.